చూడకుండా కొన్న పాత ట్రాక్టర్, రోటవేటర్: దిగిన రోజే ఏడు తేడాలు. ఏది ముందు పట్టుకోవాలి?

నల్లరేగడి #1
అందరికీ నమస్కారం. ఫొటోలు, రెండు వీడియోలు చూసి ఫోన్లోనే బేరం ముగించిన బండి. 42 హెచ్‌పీ, 3 సిలిండర్లు, 2014 మోడల్. దాంతోపాటే 6 అడుగుల రోటవేటర్ (బ్లేడ్లు తిరిగి నేల దున్నే పరికరం). తెలంగాణ నుంచి నంద్యాల పక్కకి నిన్న లారీలో దిగింది. కొత్త రంగు వేసి నిగనిగలాడుతోంది. కానీ తేడాలు ఇవి:

1. పొద్దున సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) కొడితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. నాలుగైదుసార్లు కొడితే ఎప్పుడో తిరుగుతుంది. బ్యాటరీ కొత్తది, మీటర్ పెడితే 12.6.
2. పావుగంట బాగా నడిచి, మెల్లగా నీరసించి ఆగిపోతుంది. చేతిపంపు కొడితే మళ్లీ పావుగంట.
3. రోటవేటర్ ఎత్తి ఇంజన్ ఆపితే ఐదు నిమిషాల్లో నేల తాకుతుంది. ఇంజన్ నడుస్తుంటే పరికరాన్ని ఎత్తే లిఫ్ట్ చేతులు తల ఊపినట్టు రెండు మూడు సెకన్లకోసారి ఊగుతాయి.
4. ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య కింద ఆయిల్ చుక్కలు.
5. పీటీఓ (వెనక పరికరాన్ని తిప్పే షాఫ్టు) వేసి రేజ్ చేస్తే బండంతా వణుకు.
6. బ్రేకు తొక్కితే కీచుమని అరుపు, అందులోనూ ఎడమది ముందు పడుతుంది. ఆయిల్ బ్రేకులే.
7. గంటల మీటర్ 1,912 దగ్గర ఆగిపోయింది.

ఇక్కడి మెకానిక్ అంతా విని, సెల్ఫ్ రీవైండింగ్, డీజిల్ పంపు సర్వీసు, లిఫ్ట్ మూత విప్పడం, బండిని మధ్యకి విడదీసి సీల్ మార్చడం అన్నాడు. 40 వేలు దాటేలా ఉంది. తొలకరికి దుక్కి చేయాలి. ఇవన్నీ నిజంగా అంత పెద్ద పనులేనా?

పానా_పదమూడు #2
ఏదీ విప్పించకండి. ముందు కొలవండి. బండిని కడగకండి కూడా. కడిగితే చుక్క ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పే మరకలు పోతాయి.

రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, తెల్లారి స్టార్ట్ చేయకముందే ఇవి చూడండి. ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచండి. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిశాయి. పై గీత దాటి ఉంటే మరీ జాగ్రత్త: ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు డయాఫ్రం (లోపలి పొర) చిరిగి డీజిల్ సంపులోకి, అంటే ఇంజన్ అడుగు ఆయిల్ తొట్టిలోకి, దిగుతుండొచ్చు. వాసన చూడండి, డీజిల్ వాసన వస్తే సెల్ఫ్ ముట్టుకోవద్దు. పల్చబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

తర్వాత రేడియేటర్ మూత, చల్లగా ఉన్నప్పుడే. లోపల నూనె తెట్టు తేలుతుంటే హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం. తర్వాత గేరుబాక్స్ ఆయిల్ పుల్ల. లిఫ్ట్ చేతులు పూర్తిగా దించి, చదును నేల మీద చూడాలి. ఎత్తి ఉంచి చూస్తే సిలిండర్లోకి వెళ్లిన ఆయిల్ లెక్కకి రాదు.

ఈ మూడూ బాగుంటే మీ ఏడింటిలో బండిని చంపేది ఏదీ లేదు.

పాతఇనుము #3
"కొత్త రంగు వేసి నిగనిగలాడుతోంది" అన్న దగ్గరే సగం జవాబు ఉంది.

అమ్మకానికి రంగు కొట్టేవాళ్లు దేనికీ పేపరు అంటించరు. కంప్రెసర్ పెట్టి బంపర్ నుంచి పీటీఓ దాకా ఒకే ఊపులో కొట్టేస్తారు. ఆ రంగు ఎక్కడెక్కడ పడుతుందో చూడండి: ఎర్త్ వైరు బిగించే చోట, డీజిల్ ట్యాంకు మూత మీదున్న సన్నని గాలి రంధ్రం మీద, గేరుబాక్స్ బ్రీదర్ (గాలి పోయే దారి) మీద, గ్రీజు ఎక్కించే నిపుళ్ల మీద, రేడియేటర్ రెక్కల మీద. మీ 1, 2, 4 నంబర్లు మూడూ ఈ లిస్టులోవే అయ్యే అవకాశం ఉంది.

నల్లరేగడి #4
మూడూ చూశాను. ఇంజన్ ఆయిల్ నల్లగా, గీతల మధ్యే ఉంది. డీజిల్ వాసన లేదు. రేడియేటర్లో తెట్టు లేదు. గేరుబాక్స్ ఆయిల్ మాత్రం కింది గీతకి వేలెడు దిగువన ఉంది, రంగు కాస్త మసక. సెల్ఫ్ సంగతి ఎలా తేల్చాలి? నా దగ్గర మామూలు డిజిటల్ మీటర్ ఉంది.

కరెంటు_కాపు #5
ఆ మీటరే చాలు. 12.6 అనేది ఖాళీగా ఉన్నప్పటి లెక్క. నిండా చార్జి ఉందని మాత్రమే చెబుతుంది (12.4 అయితే ముప్పావు వంతు, 12.0 అయితే పావు). సెల్ఫ్ గుంజేటప్పుడు ఏం జరుగుతుందో చూడాలి.

గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, స్టాప్ నాబ్ లాగి పెట్టండి, ఇంజన్ అందుకోకుండా. మీటర్ 20 వోల్టుల డీసీలో. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, మీరు చూడాలి.

మొదట బ్యాటరీ రెండు స్తంభాల మధ్య. 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీది కానీ, బిగుసుకున్న సెల్ఫ్ మోటార్‌ది కానీ తప్పు. 12 దగ్గరే నిలబడి టక్‌మంటే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది.

రెండోది, నల్ల పుల్ల బ్యాటరీ నెగిటివ్ స్తంభం మీద (క్లాంపు మీద కాదు, సీసపు స్తంభం మీదే), ఎర్ర పుల్ల ఇంజన్ మీద రంగు లేని బోల్టు మీద. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.5 లోపు ఉండాలి. ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేదు.

మూడోది పాజిటివ్ వైపు. ఎర్ర పుల్ల పాజిటివ్ స్తంభం మీద, నల్లది సెల్ఫ్ మోటార్ పెద్ద నట్టు మీద. ఇదీ 0.5 దాటకూడదు. దాటితే లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే లోహపు ముక్క) కానీ, సొలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) లోపలి రాగి బిళ్ల కానీ కాలింది.

టక్‌మనే చప్పుడు కూడా లేకుండా మౌనంగా ఉంటే అది వేరే కథ. క్లచ్ పెడల్ దగ్గరో గేరు దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్ చూసుకోవాలి.

నల్లరేగడి #6
మొదటిది 11.9. రెండోది 2.3! మూడోది 0.3.

కరెంటు_కాపు #7
దొరికింది. 2.3 వోల్టులు ఎర్త్ దగ్గరే మింగేస్తుంటే సెల్ఫ్‌కి ఏం మిగులుతుంది? రీవైండింగ్ పక్కన పెట్టండి.

బ్యాటరీ దగ్గర నెగిటివ్ క్లాంపు ముందు తీయండి. పాజిటివ్ ముందు తీస్తే పానా బాడీకి తగిలి మెరుపు వస్తుంది, బ్యాటరీ దగ్గర మెరుపు ప్రమాదం. ఎర్త్ వైరు రెండో కొస ఎక్కడ బిగించారో వెతికి బోల్టు తీయండి. లగ్గు కూర్చునే చోట రంగు, దాని కింద తుప్పు ఉంటాయి. 80 నంబర్ ఎమరీ కాగితంతో రూపాయి బిళ్లంత మేర తెల్లటి లోహం కనిపించేదాకా గీకండి. లగ్గు రెండు వైపులా గీకండి. పళ్ల వాషర్ ఒకటి వేసి బిగించి, పైన వ్యాజిలైన్ రాయండి. ముందే రాసి బిగించొద్దు. క్లాంపుల మీద తెల్ల బూజు ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి కడగండి, ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. వైరు లగ్గు దగ్గర మెత్తగా, పచ్చగా ఉంటే వైరే మార్చండి. బిగించేటప్పుడు నెగిటివ్ చివర.

స్టార్ట్ అయ్యాక 1,500 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 రావాలి. 12.6 దగ్గరే కూర్చుంటే డైనమో చార్జి చేయడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఎర్రచెలక #8
అన్నా, ఆగుడు సంగతి నేను చెప్త. పంపు విప్పుడు అసలే వద్దు. బండి ఆగంగనే దిగి ట్యాంకు మూత తియ్యి. తీసేటప్పుడు సుయ్యిమని గాలి లోపటికి గుంజితే మూత బొక్క మూసుకపోయినట్టే. డీజిల్ తగ్గినకొద్దీ దాని జాగల గాలి రావాలె గదా, రాకపోతే ట్యాంకుల వాక్యూమ్ పడి డీజిల్ ఆగుతది. మూతను డీజిల్ల నానబెట్టి, సన్న తీగతోని పొడిచి, కంప్రెసర్ గాలి పట్టు. ఆ బొక్క పెద్దగ చేయకు, దుమ్ము నీళ్లు పోతయి.

పంపుషాపు_పక్కింటోడు #9
పావుగంట నడిచి ఆగడం అంటే ఫీడ్ పంపు బలహీనపడి ఉండొచ్చు కదా? కొత్తది వేసేస్తే పీడా పోతుంది.

పాతఇనుము #10
వేస్తే ఫీడ్ పంపు కొత్తదవుతుంది, బండి మాత్రం పావుగంటకే ఆగుతుంది. చేతిపంపు కొడితే మళ్లీ నడుస్తోంది అన్నారు. అంటే పంపు లాగుతోంది, దానికి డీజిల్ బదులు గాలి అందుతోంది. ముందు మూత, తర్వాత ట్యాంకు కింద గాజు గిన్నె, అందులో జాలీ, తర్వాత రబ్బరు పైపు. పంపు వంతు చివర.

నల్లరేగడి #11
ఎర్త్ గీకాను. లగ్గు కింద నిజంగానే రంగు పొర, దాని కింద ఎర్ర తుప్పు. ఇప్పుడు 0.2. పొద్దున మొదటి దెబ్బకే తిరిగింది. చార్జింగ్ 14.1.

మూత తీస్తే సుయ్యిమంది. రంగు రంధ్రంలోకి దిగి గట్టిపడి ఉంది. శుభ్రం చేశాక పావుగంట కాస్తా నలభై నిమిషాలయింది. కానీ ఆగడం ఆగలేదు.

పాతఇనుము #12
రెండు కారణాలు కలిసి ఉన్నాయన్నమాట. మీ బండిలో ట్యాంకు పంపుకంటే ఎత్తులో ఉంటుంది. మామూలుగా అయితే పైపు వదులుగా ఉన్నచోట డీజిల్ బయటికి కారాలి. గాలి లోపలికి పోదు. ముందర దారి ఇరుకై పంపు గట్టిగా గుంజినప్పుడే అదే వదులు చోటు నుంచి గాలి పీలుస్తుంది. అందుకే బయట తడి కనిపించదు, లోపల గాలి పడుతుంది.

ఇరుకు ఎక్కడో చూడండి. ట్యాంకు వాల్వ్ కట్టి గాజు గిన్నె విప్పండి. జాలీకి జిగురులాంటి నల్లటి పాకుడు పట్టి ఉంటుంది, అది డీజిల్లో నీళ్లుంటే పెరిగేది. కడిగి, గిన్నె పైన రబ్బరు ప్యాకింగ్ కొత్తది వేసి బిగించండి. ట్యాంకు నుంచి గిన్నెకి, గిన్నె నుంచి ఫీడ్ పంపుకి పోయే రబ్బరు పైపుల్ని రెండు వేళ్లతో వంచండి. వంపు దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చండి. తీగ చుట్టి బిగించినవి ఉంటే తీసేసి సరైన సైజు క్లిప్పులు వేయండి.

అయినా అనుమానం ఉంటే గిన్నెకీ ఫీడ్ పంపుకీ మధ్య ఒక అడుగు పారదర్శక పైపు తాత్కాలికంగా వేసి నడపండి. బుడగలు పోతుంటే గాలి వెనక నుంచే వస్తోంది. బుడగ లేకుండా ఆగితే అప్పుడు ఫిల్టర్లు, ఆ తర్వాతే పంపు. చూశాక మామూలు డీజిల్ పైపు వేసేయండి, ఇంజన్ వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

పానా_పదమూడు #13
పైపులు విప్పాక గాలి తీయడం కూడా వరుసలో చేయాలి. చాలామంది నాజిల్ దగ్గర మొదలుపెట్టి బ్యాటరీ దించుకుంటారు.

ట్యాంకు వాల్వ్ తెరవండి. మొదటి ఫిల్టర్ పైనున్న గాలి స్క్రూ రెండు చుట్లు వదులు చేసి చేతిపంపు కొట్టండి. నురగ ఆగి తీగలా డీజిల్ వచ్చేటప్పుడు, పంపు కొడుతూనే బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్. తర్వాత నాజిళ్లకి డీజిల్ కొట్టే పెద్ద పంపు మీది స్క్రూ. చివర్న నాజిళ్ల దగ్గర మూడు పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ 10 సెకన్లకి మించకుండా కొట్టండి. మధ్యలో అర నిమిషం విరామం. డీజిల్ చిమ్మగానే సెల్ఫ్ ఆపి నట్లు బిగించండి.

చేతిపంపు మీట వదులుగా ఊగుతూ ఒత్తిడి లేకపోతే ఫీడ్ పంపు పోయిందనుకోకండి. క్యామ్ పైకి వచ్చి ఆగి ఉంటుంది. ఇంజన్ని కొంచెం తిప్పితే మీటకి పట్టు వస్తుంది.

డీజిల్ పైపుల్ని బిగించే బ్యాంజో బోల్టుల (మధ్యలో రంధ్రం ఉన్నవి) రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయండి. పాతవే వేస్తే అక్కణ్నుంచే మళ్లీ గాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు నాజిల్ పైపు లీకును వేలితో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. అలా తగిలితే పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, అయినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

నల్లరేగడి #14
గిన్నె జాలీ నిండా పాకుడు. రబ్బరు పైపు వంపు దగ్గర పగుళ్లు, మీరు చెప్పినట్టే. రెండు పైపులు, నాలుగు క్లిప్పులు, రెండు ఫిల్టర్లు, రాగి వాషర్లు మార్చాను. రెండున్నర గంటలు ఆపకుండా నడిచింది. ఇక లిఫ్ట్.

దమ్ముచక్రం #15
లిఫ్ట్‌లో రెండు లక్షణాలు రాశారు కానీ రెండూ ఒకటే. ఎత్తిన ఆయిల్ ఎక్కడో జారిపోతోంది. ఇంజన్ ఆపితే పరికరం దిగుతుంది. ఇంజన్ నడుస్తుంటే జారినంత మేర పంపు మళ్లీ ఎత్తుతుంది, అదే తల ఊపడం.

ముందు ఆయిల్ పూర్తి చేయండి. మీది మసక అన్నారు, అంటే కొంచెం నీళ్లు కలిశాయి. దమ్ములో తిరిగిన బండికి గేరు లివర్ రబ్బరు బూటు చిరిగితే అక్కణ్నుంచే దిగుతాయి. బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేస్తే అడుగున తేరిన నీళ్లు ముందు వస్తాయి. కప్పుడు నీళ్లొస్తే ఆయిల్ మొత్తం మార్చేయడమే మంచిది. మోడల్‌ని బట్టి 30 నుంచి 60 లీటర్లు పడుతుంది, ఖర్చే. అయినా తప్పదు. హైడ్రాలిక్ జాలీ కూడా అప్పుడే తీసి డీజిల్లో కడగండి. లిఫ్ట్ ఎత్తేటప్పుడు పంపు మూలిగితే ఆ జాలీ మూసుకుపోయినట్టే.

ఇప్పుడు లీకు ఎక్కడో తేల్చడం. ట్రక్కు (ట్రాలీ) జాకీకి ఇచ్చే బయటి పైపు ఉంటే దాని వాల్వ్ కట్టేయండి. లీకు అక్కడే దొరికిన బళ్లు చాలా ఉన్నాయి. తర్వాత సీటు కింద ముందు భాగంలో దిగే వేగం తగ్గించే నాబ్ ఉంటుంది, అన్ని మోడళ్లలో ఉండదు. అది పంపిణీ వాల్వ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉంటుంది. రోటవేటర్ ఎత్తి, ఇంజన్ ఆపి, ఆ నాబ్ పూర్తిగా బిగించండి. కింది చేతికి ఒక సుద్దగీత పెట్టి గంట చూడండి. దిగకుండా నిలబడితే లీకు వాల్వ్ వైపు. అయినా దిగుతుంటే సిలిండర్ పిస్టన్ ఓ రింగు. పరీక్షలో ఎత్తిన రోటవేటర్ కిందికి ఎవరూ పోకూడదు.

నల్లరేగడి #16
నాబ్ ఉంది. కట్టినా ఇరవై నిమిషాల్లో జానెడు దిగింది.

దమ్ముచక్రం #17
అయితే పిస్టన్ ఓ రింగే. లిఫ్ట్ మూత దింపాల్సిందే. మీ మెకానిక్ ఈ ఒక్క విషయంలో కరెక్టు. కానీ పంపు, వాల్వ్ మార్చనివ్వకండి, ముందు సీలింగ్ కిట్ చాలు.

దగ్గరుండి చూడాల్సిన చోటు ఒక్కటే. పిస్టన్ గాడిలో రెండు రింగులు కూర్చుంటాయి: ఓ రింగు, దాని పక్కన గట్టిగా ఉండే పల్చటి బ్యాకప్ రింగు. ఆయిల్ తోసే వైపు ఓ రింగు ఉండాలి, దాని వెనక బ్యాకప్ రింగు. తిరగేసి వేస్తే మొదటి వారం బాగానే ఎత్తుతుంది, తర్వాత ఒత్తిడికి రబ్బరు సందులోకి నలిగి చిరుగుతుంది. కొత్త కిట్ వేసినా నిలవడం లేదని పంపు మీదికి తోసేవాళ్ల సగం కేసులు ఇవే. రింగు ఎక్కించే ముందు సిలిండర్ లోపల వేలు పెట్టి తడమండి. గోరుకి తగిలే గీత ఉంటే ఏ కిట్టూ నిలవదు. సిలిండర్ కూడా మార్చుకోవాలి. రింగులకి శుభ్రమైన ఆయిల్ రాసి ఎక్కించాలి, గ్రీజు కాదు.

కొత్తరైతు #18
గేరుబాక్సులో ఇంజన్ ఆయిలే పోస్తే సరిపోదా? చవక కదా.

దమ్ముచక్రం #19
నల్లరేగడి గారి ఆరో నంబరుకి (బ్రేకు అరుపు) జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఆయిల్ బ్రేకుల బండికి గేర్లు, లిఫ్ట్, బ్రేకు పలకలు మూడూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. దానికి యూటీటీఓ అనే ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కావాలి. బ్రేకు పలకలు తడిలో రాపాడినా అరవకుండా అందులో మందు కలిపి ఉంటుంది. 90 నంబర్ గేరాయిలో ఇంజన్ ఆయిలో పోస్తే బ్రేకు తొక్కగానే కీచుమంటుంది. నల్లరేగడి గారూ, మీ పాత ఓనర్ చేసింది ఇదే అయ్యుంటుంది. సరైన ఆయిల్ పోశాక రెండు మూడు రోజులు అరుపు ఉండి తగ్గుతుంది. వారం దాటినా తగ్గకపోతే పలకలు చూడాలి.

ఎడమది ముందు పట్టడం మాత్రం ఆయిల్‌కి సంబంధం లేదు, అది రాడ్డు సర్దుబాటు. రెండు పెడళ్లని కలిపే లాక్ తీసి, స్కేలు పెట్టి ఒక్కో పెడల్ ఖాళీగా ఎంత కదులుతుందో కొలవండి. రాడ్డు లాక్ నట్టు వదులు చేసి రెండూ సమానం చేయండి. ఎన్ని మిల్లీమీటర్లో మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. తర్వాత ఖాళీ నేల మీద, లాక్ వేసి, మెల్లగా పోతూ తొక్కి చూడండి. బండి నిటారుగా ఆగాలి. రోడ్డెక్కితే ఆ లాక్ తీయనే వద్దు. ఒక పక్క బ్రేకే పడితే బండి తిరగబడుతుంది.

ఎర్రచెలక #20
రోటవేటర్ వణుకుడు ఎవ్వలు చెప్తలేరు. అన్నా, ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌కు పోయే షాఫ్టు ఫొటో పెట్టు. రెండు దిక్కుల కప్పులు ఒకే వరుసల ఉన్నయా?

నల్లరేగడి #21
ఫొటో పెట్టాను. ట్రాక్టర్ వైపు కప్పు చెవులు నిలువుగా ఉన్నాయి, రోటవేటర్ వైపువి అడ్డంగా.

ఎర్రచెలక #22
గదే రోగం! లారీల ఎక్కియ్యనీకె షాఫ్టు ఊడదీసి, దించినంక ఎట్ల దొరికితె అట్ల ఎక్కిచ్చిన్రు. నడిమి షాఫ్టు రెండు కొసలకు ఉండే కప్పుల చెవులు ఒకే వరుసల ఉండాలె. ఒకటి నిలువు ఉంటే రెండోది నిలువే. క్రాసు (కప్పులను కలిపే కీలు) వంకరల తిరిగేటప్పుడు ప్రతి చుట్టుల రెండుసార్లు ఉరుకుతది, రెండుసార్లు ఆగినట్టయితది. చెవులు ఒకే వరుసల ఉంటే ఒక క్రాసు చేసిన తప్పును రెండోది సాపు చేస్తది. అడ్డం పెడితే తప్పు డబుల్ అయి గేరుబాక్సుకు దెబ్బ. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబుల ఏసుకొని, షాఫ్టు గుంజి తిప్పి పెట్టు. పైస ఖర్చు లేదు.

అట్లనే రోటవేటర్ దించినప్పుడు, ఎత్తినప్పుడు రెండు సార్లు చూడు, లోపలి పైపు బయటి పైపుల కనీసం మూడో వంతు ఉండాలె. పూరాగ ఎత్తినప్పుడు పీటీఓ బంద్ చెయ్యి, క్రాసు కోణం ఎక్కువైతది.

పానా_పదమూడు #23
అది సరిచేశాక కూడా కొంచెం వణుకు మిగిలితే బ్లేడ్లు లెక్కపెట్టండి. 6 అడుగుల దానికి సాధారణంగా 42 ఉంటాయి. ఒకటి లేకపోయినా, ఎడమ బ్లేడు కుడి చోట పడినా తూకం తప్పుతుంది. రోటర్‌ని చేత్తో తిప్పుతూ చూస్తే బ్లేడ్లు స్క్రూ గాడిలా చుట్టుకుంటూ పోవాలి. ఎక్కడ వరుస తెగిందో అక్కడే తప్పు. పదును ఉన్న అంచు ముందు నేలలోకి దిగాలి. బోల్టులు తల మీద 8.8 అని ఉన్నవే వాడండి, అంగట్లో దొరికే మెత్తటివి రాయి తగిలితే తెగుతాయి. కొత్తవి బిగించాక మొదటి గంట దున్ని మళ్లీ అన్నీ బిగించాలి.

రోటర్ రెండు కొసల్లోనూ సీల్ పక్కన చుట్టుకున్న చెత్త కోసేయండి. పాత డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు, సంచి దారాలు తాడులా పేనుకుని సీల్‌ని తినేస్తాయి. అక్కడ ఆయిల్ తడి ఉంటే పక్క గేరుపెట్టెలో లెవెల్ బోల్టు తీసి చూడండి, ఆయిల్ ఆ రంధ్రం అంచుదాకా ఉండాలి.

నల్లరేగడి #24
షాఫ్టు తిప్పి పెట్టగానే వణుకు ముప్పావు వంతు పోయింది. బ్లేడ్లు 41. ఒకచోట బోల్టు తెగి ఉంది. కుడి కొసన అరమూర డ్రిప్ పైపు చుట్టుకుని ఉంది.

ఆయిల్ చుక్కల సంగతి?

పాతఇనుము #25
రాత్రికి బండి కింద తెల్లటి అట్ట పరవండి. పొద్దున చుక్క నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, తేనె రంగులో ఉంటే గేరుబాక్స్ ఆయిల్.

నల్లదైతే వెంటనే మెకానిక్ మార్చాలన్న వెనక క్రాంక్ సీల్ అనుకోవద్దు. ఇంజన్ పైన ట్యాపెట్ మూత ప్యాకింగ్ వెనక మూల నుంచి కారి, ఇంజన్ వెనక గోడ వెంట దిగి, సరిగ్గా అదే చోట చుక్క కడుతుంది. ఇప్పుడు డీజిల్, సబ్బునీళ్లతో ఆ భాగం మాత్రం కడిగి ఆరబెట్టి, టాల్కం పౌడర్ చల్లండి. అరగంట నడిపి చూస్తే తడి గీత పై నుంచి మొదలైందో కింద నుంచో తెలుస్తుంది. పైనుంచి అయితే ప్యాకింగ్ మార్చడంతో సరి. బండిని మధ్యకి విడదీయడం దండగ.

తేనె రంగైతే బ్రీదర్ చూడండి. గేరుబాక్స్ పైన చిన్న టోపీలా ఉంటుంది. రంగుతో మూసుకుపోతే వేడెక్కిన గాలి పోయే దారి లేక ఆయిల్‌ని సీళ్ల గుండా తోస్తుంది. విప్పి డీజిల్లో కడిగి గాలి కొట్టండి.

క్లచ్ పెట్టె అడుగున చిన్న రంధ్రం, అందులో ఊగే పిన్ను ఉంటాయి. ఆ రంధ్రాన్ని ఎంసీల్ పెట్టి మూయొద్దు. లీకయిన ఆయిల్ బయటికి పోకపోతే క్లచ్ ప్లేటు తడిసి జారుతుంది, అప్పుడు నిజంగానే బండి విడదీయాలి.

పానా_పదమూడు #26
అదే చేత్తో గ్రీజు నిపుళ్లన్నీ చూడండి. గన్ పెట్టినా గ్రీజు ఎక్కకపోతే నిపుల్ విప్పి తీగతో రంధ్రం తోడి, కొత్తది వేయండి, అవి చవకే. ముందు యాక్సిల్ మధ్య పిన్ను, రెండు కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు) తప్పనిసరి. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టం పగుళ్లు కూడా ఈరోజే చూడండి. అక్కణ్నుంచి లోపలికి పోయే దుమ్ము రింగుల్ని అరగదీస్తుంది. ఆయిల్ గిన్నె ఉన్న ఎయిర్ క్లీనర్ అయితే గీత దాకే ఆయిల్, పైకి పోస్తే ఇంజన్ దాన్ని పీల్చేస్తుంది.

కరెంటు_కాపు #27
గంటల మీటర్ 1,912ని నమ్మకండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి. 3218 అని ఉంటే 2018లో 32వ వారం తయారీ. 2014 బండికి వెనక టైర్లు అప్పటికే మారాయంటే నడక ఎంతో ఊహించుకోవచ్చు. క్లచ్ పెడల్ మీద గీతలు నున్నగా అరిగి ఉంటే కూడా అంతే. మీటర్ కేబుల్ మార్పించి, ఆయిళ్లు ఫిల్టర్లు అన్నీ ఒకేసారి మార్చి, ఆ రోజు మీటర్ అంకె బానెట్ లోపల మార్కర్‌తో రాసుకోండి. సర్వీసు లెక్క అక్కణ్నుంచి.

ఆర్సీబుక్కు #28
రిపేర్ల సందడిలో కాగితాలు మరవకండి. తెలంగాణ బండి ఆంధ్రలోకి వచ్చింది కాబట్టి పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు ఇప్పుడే తీసుకోండి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే అది తీసేయించడానికి ఫారం 35, బ్యాంకు లేఖ. వేరే రాష్ట్రానికి అమ్మితే అమ్మినవారు 45 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి, కొన్నవారు 30 రోజుల్లో. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీతో ఒక్కో అంకె సరిచూసుకోండి. కొత్త రంగు మందంగా ఉంటే థిన్నర్‌తో తుడిచి చూడాలి.

నల్లరేగడి #29
చుక్క నల్లది. పౌడర్ మీద గీత ట్యాపెట్ మూత నుంచే మొదలైంది. ప్యాకింగ్ తెచ్చాను. చాసిస్ నంబరు కలిసింది. లిఫ్ట్ మూత రేపు దింపుతున్నాం, కిట్ వచ్చింది.

ఒక్క అనుమానం. బ్యాకప్ రింగు రెండు వైపులా రెండు రకాలుగా ఉంది, ఒక వైపు చదునుగా, ఒక వైపు గుంటగా. ఏ వైపు ఎటు?

దమ్ముచక్రం #30
గుంట వైపు ఓ రింగుకి ఆనాలి, అది అందులో కూర్చుంటుంది. చదును వైపు గాడి గోడకి. ఎక్కించాక వేలితో చుట్టూ తడిమి, ఎక్కడా మెలిక పడలేదని చూసుకుని అప్పుడు సిలిండర్లోకి తోయండి.